ఎర్రగా విరగబూసే తురాయి.. ఈదురుగాలికి ముందు కూలేదీ అదే! తప్పు చెట్టుదేనా?

ఏప్రిల్ సగం గడిచిందంటే చాలు.. హైదరాబాద్, వరంగల్, విజయవాడ, విశాఖ.. ఏ ఊరికెళ్లినా రోడ్డు పక్కన ఓ చెట్టు మంటలా వెలిగిపోతుంటుంది. కొమ్మ కొమ్మకీ ఎర్రటి పూలు. కింద ఆపిన స్కూటర్ సీటు మీద, బస్టాప్ రేకుల మీద, కాలేజీ గేటు ముందు.. ఎక్కడ చూసినా రాలిన ఎర్ర రేకులే. ఎండకి అందరూ విసిగిపోయి ఉన్న రోజుల్లో కాస్త కంటికి హాయినిచ్చేది ఆ చెట్టే. సెల్ఫీలు, రీల్స్ సంగతి సరేసరి.

అదే నెలలో టీవీల్లో ఇంకో దృశ్యం కూడా కనిపిస్తుంది. సాయంత్రం నాలుగింటికి మబ్బు పడుతుంది. అరగంట ఈదురుగాలి. ఆ తర్వాత కారు మీద పడిన చెట్టు, తెగిపోయిన కరెంటు తీగలు, ఆగిపోయిన ట్రాఫిక్. పడిపోయిన ఆ కొమ్మల్లోకి చూస్తే చాలాసార్లు కనిపించేవి ఆ ఎర్ర పూలే. నిన్నటిదాకా ఫొటోలు దిగిన చెట్టు కిందే ఇవాళ ఎవరి బండో నలిగిపోయి ఉంటుంది. ఒక్కోసారి ప్రాణాలే పోతున్నాయి.

దాని పేరు తురాయి. హైదరాబాద్ వైపు గుల్‌మొహర్ అంటారు. మే ఫ్లవర్ అనేవాళ్లూ ఉన్నారు. ఇంత అందమైన చెట్టు గాలివానకి అంత తేలిగ్గా ఎందుకు పడిపోతోంది? అసలు రోడ్ల పక్కన దాన్ని నాటడమే తప్పా? లేక నాటాక మనం చేస్తున్నదాంట్లో తప్పుందా?

పేరులోనే ఉంది అసలు సంగతి

తురాయి అంటే తలపాగాలో పెట్టుకునే కుచ్చు. కొమ్మ చివర్న గుత్తిగా నిలబడే పూలని చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. గుల్ అంటే పువ్వు. మొహర్ అంటే బంగారు నాణెం అని కొందరు, మోర్ అంటే నెమలి కదా అది మారి ఇలా అయిందని ఇంకొందరు చెబుతారు. ఈ రెండిటికంటే ఆసక్తికరమైన పేరు ఇంకోటుంది.. సీమ సుంకేసుల.

ఇక్కడ సీమ అంటే రాయలసీమ అనుకోకండి. బయటి దేశం నుంచి వచ్చినవాటికి మనవాళ్లు ముందు తగిలించే మాట అది. సీమ చింత, సీమ వంకాయ.. అలాగే సీమ సుంకేసుల. అంటే మన దగ్గర ముందునుంచే సుంకేసుల అనే చెట్టు ఒకటి ఉంది, దాన్ని పోలిన ఈ కొత్త చెట్టు బయటినుంచి వచ్చింది అని ఆ పేరే చెప్పేస్తోంది. వృక్షశాస్త్రం చెప్పేదీ అదే. రెండూ ఒకే జాతికి చెందిన దగ్గరి చుట్టాలు. సుంకేసుల అనగానే చాలామందికి తుంగభద్ర మీదున్న బ్యారేజీ గుర్తొస్తుంది కానీ చెట్టు మాత్రం గుర్తురాదు. దాని పూలు తెల్లగా పూసి, వాడేటప్పటికి పసుపు రంగుకి తిరుగుతాయి. వాతనారాయణ అని కూడా అంటారు. పల్లెల్లో కీళ్లనొప్పులకి దీని ఆకు వాడటం ఇప్పటికీ ఉంది. ఎర్ర చుట్టం వచ్చి రోడ్లన్నీ ఆక్రమించేసరికి తెల్లపూల సుంకేసుల చేలగట్లకే పరిమితమైపోయింది.

ఇంకో చుట్టం కూడా ఉంది. తురాయి లాంటి ఆకులే, పూలు మాత్రం పసుపు. దాన్ని పచ్చ సుంకేసుల అంటారు. నగరాల్లో తురాయి పక్కనే నాటిన ఈ చెట్టు కూడా తెలుగు నేలలో పుట్టింది కాదు.

మడగాస్కర్‌లో పుట్టి.. మారిషస్ మీదుగా

తురాయి పుట్టిల్లు ఆఫ్రికా తూర్పు తీరానికి అవతలున్న మడగాస్కర్ దీవి. ఆ దీవి ఉత్తర, పశ్చిమ భాగాల్లో ఎండాకాలం ఆకు రాల్చే పొడి అడవులున్నాయి. సున్నపురాయి నేలలు, పలచటి మట్టి. అక్కడ సహజంగా పెరిగే చెట్టు ఇది. మారిషస్‌లో స్థిరపడ్డ బొహీమియా వృక్షశాస్త్రవేత్త వెంసెస్లాస్ బోయెర్ 1820ల్లో మడగాస్కర్ వెళ్లినప్పుడు దీన్ని చూశాడు. అక్కడినుంచి మారిషస్ తోటల్లోకి చేరింది. 1829లో బ్రిటన్‌కి చెందిన విలియం హుకర్ దీని గురించి బొమ్మతో సహా ప్రచురించాక ప్రపంచమంతా కన్నేసింది. 19వ శతాబ్దంలోనే మన దేశానికీ వచ్చేసింది. అంటే మన ఊళ్లలో దీని వయసు రెండు వందల ఏళ్లు కూడా లేదు. వేప, రావి, మర్రి పక్కన పెడితే నిన్నగాక మొన్న వచ్చినట్టే!

మారిషస్ అంటే తెలుగువాళ్లకీ ఓ లెక్కుంది. అదే 19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి ఓడలెక్కి చెరుకు తోటల్లో కూలి పనికి వెళ్లిన మనవాళ్లని అక్కడ కోరంగీలు అనేవారు. వాళ్ల మునిమనవలు ఇప్పటికీ అక్కడ ఉగాది చేసుకుంటారు. అయితే వాళ్లకి తురాయి పూలు కనిపించేది మే నెలలో కాదు. భూమధ్యరేఖకి కిందున్న దేశం కాబట్టి అక్కడ ఎండాకాలం నవంబర్, డిసెంబర్లలో వస్తుంది. క్రిస్మస్ ముందు పూసే పువ్వు అక్కడ ఇదే.

శాస్త్రీయ నామం డెలోనిక్స్ రెజియా. గ్రీకులో డెలోస్ అంటే స్పష్టంగా కనిపించేది, ఓనిక్స్ అంటే గోరు. రేకు మొదట్లో సన్నగా గోరులా సాగి ఉంటుంది కాబట్టి ఆ పేరు. రెజియా అంటే రాజసం ఉట్టిపడేది. కరీబియన్ దీవుల్లోని సెయింట్ కిట్స్ అండ్ నెవిస్‌కి ఇది జాతీయ పుష్పం. వియత్నాంలోని హైఫాంగ్‌ని ఈ పూల నగరం అనే పిలుస్తారు. బడులు మూసే రోజుల్లో పూస్తుంది కాబట్టి అక్కడ దీన్ని విద్యార్థుల పువ్వు అంటారట. మన పక్కనే మహారాష్ట్రలోని సతారాలో ఏటా మే 1న గుల్‌మొహర్ దినం జరుపుకుంటారు.

ఇన్ని దేశాల్లో ఇన్ని లక్షల చెట్లున్నా, పుట్టింట్లో మాత్రం పరిస్థితి అంత బాగోలేదు. పోడు కోసం, బొగ్గు కోసం మడగాస్కర్ పొడి అడవులు తరిగిపోతూ వచ్చాయి. ఒక దశలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని ముప్పు ఉన్న చెట్ల జాబితాలో పెట్టింది. తర్వాత ఆ జాబితా నుంచి తీసేసింది. ఊరూరా కనిపించే చెట్టుకి సొంత అడవిలోనే చోటు తగ్గడం విచిత్రమే.

ఐదు రేకుల్లో ఒకటి వేరు

రాలిన పువ్వుని ఓసారి చేతిలోకి తీసుకుని చూడండి. రేకులు ఐదు. నాలుగు ఎర్రగా ఉంటాయి. ఐదోది కాస్త పెద్దది, నిటారుగా నిలబడుతుంది. దాని మీద తెలుపు, పసుపు రంగులో ఎర్ర చారలుంటాయి. తేనె ఎక్కడుందో చూపించే గుర్తు అదే. తేనెటీగల కంటికి ఎరుపు సరిగ్గా ఆనదు. పిట్టలకి, కొన్ని సీతాకోకచిలుకలకి బాగా కనిపిస్తుంది. ఎర్ర పూల చెట్ల మీద తేనెపిట్టల సందడి ఎక్కువగా ఉండేది అందుకే.

పువ్వు మధ్యలో పది కేసరాలు పొడుగ్గా బయటికి వచ్చి ఉంటాయి. పిల్లలకి ఇవే కోడిపుంజులు. ఒకరి కేసరం తలకి ఇంకొకరిది మెలేసి లాగితే ఎవరి తల తెగితే వాళ్లు ఓడినట్టు. మొబైల్ గేమ్స్ రాకముందు వేసవి సెలవుల ఆటల్లో ఇదొకటి. పువ్వు కింద ఉండే ఎర్ర రక్షక పత్రాల్ని గోళ్లకి అంటించుకుని రాక్షసి గోళ్లంటూ భయపెట్టని పిల్లలు తక్కువే. కాయ ఎండితే నల్లటి కత్తి.. అర మీటరు దాటి పెరుగుతుంది. ఊపితే గలగలమంటుంది.

గాలికి ఎందుకు పడుతోంది?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. తురాయి చెట్టు ఆకారం గొడుగు లాంటిది. పొడుగు మహా అయితే 30, 40 అడుగులు. కానీ కొమ్మలు అడ్డంగా చాలా దూరం సాగుతాయి. ఒక్కోసారి ఎత్తు కంటే వెడల్పే ఎక్కువ. నీడ బాగా ఇచ్చేది ఈ గొడుగే. గాలి పట్టేదీ ఈ గొడుగే.

ఫిబ్రవరి, మార్చిలో చెట్టు ఆకంతా రాల్చేసి బోసిగా ఉంటుంది. అప్పుడు గాలొచ్చినా కొమ్మల మధ్యలోంచి పోతుంది. ఏప్రిల్ చివరికి పూలు, వెంటనే కొత్త ఆకు.. మే నెలకి గొడుగు మొత్తం నిండిపోతుంది. మన దగ్గర క్యుములోనింబస్ మేఘాలు పట్టి ఈదురుగాలులు వీచేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. పైన బరువు ఎక్కువగా ఉన్న టైంలోనే గాలి కూడా ఎక్కువ. ఇందులో ఇంకో లెక్కుంది. గాలి వేగం రెండింతలైతే చెట్టు మీద పడే ఒత్తిడి రెండింతలు కాదు, దాదాపు నాలుగింతలవుతుంది. గంటకి 30 కిలోమీటర్ల గాలికి ఊగిన చెట్టు 60 కిలోమీటర్ల గాలిలో ఎందుకు విరిగిందో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇక వేర్లు. వేప, చింత లాంటి చెట్లతో పోలిస్తే తురాయి వేర్లు లోతుకి వెళ్లడం తక్కువ. పైపైనే నాలుగు వైపులా పరుచుకుంటాయి. పెద్ద చెట్టు మొదట్లో పాముల్లా పైకి తేలిన వేర్లు చూసే ఉంటారు. సొంత అడవిలో పలచటి మట్టిలో బతకడానికి ఆ పద్ధతి సరిపోయింది. చుట్టూ ఖాళీ నేలుంటే ఇక్కడైనా సరిపోతుంది. పైన గొడుగు ఎంత వెడల్పో కింద వేరూ అంత దూరం పాకి చెట్టుని పట్టుకుంటుంది. సమస్యంతా ఆ ఖాళీ నేల దగ్గరే వస్తోంది.

నగరంలో రోడ్డు పక్క చెట్టుకి దొరికేది ఎంత? ఒకవైపు తారు రోడ్డు, ఇంకోవైపు డ్రైనేజీ, మధ్యలో ఫుట్‌పాత్ టైల్స్. మొదలు చుట్టూ సిమెంటు పోసి అందంగా అరుగు కట్టేస్తారు. నీళ్లు దిగవు, గాలి ఆడదు. వేరు పెరగాల్సిన చోట గోడ తగులుతుంది. ఆ తర్వాత ఇంటర్నెట్ కేబుల్ అనో, మంచినీళ్ల పైపు అనో ఒకడు తవ్వుతాడు. ఏడాది తిరగకుండా ఇంకొకడు వస్తాడు. ఎక్స్‌కవేటర్ కొక్కేనికి చెట్టు వేరు, మట్టిగడ్డ రెండూ ఒకటే. రోడ్డు వైపు వేర్లన్నీ తెగిపోయిన చెట్టు బయటికి మాత్రం బాగానే కనిపిస్తుంది. ఆ ఏడాది కూడా పూస్తుంది. ఒకవైపు తాళ్లు కోసేసిన టెంటులా నిలబడి ఉందన్న సంగతి గాలొచ్చిన రోజే బయటపడుతుంది. ముందురోజు వాన పడి నేల నాని ఉంటే మరీ తేలిక. వేర్లతో సహా లేచి పడిపోతుంది.

కొమ్మల నరుకుడు కూడా అలాంటిదే. వేసవికి ముందు కరెంటు వాళ్లు తీగలకి తగులుతున్న కొమ్మలు కొడతారు. అది అవసరమే, కాదనలేం. కానీ తీగలవైపు మొత్తం కొట్టేసి, అవతలివైపు వదిలేస్తే చెట్టు బరువంతా ఒక పక్కకే పడుతుంది. ఇంకొన్నిచోట్ల తలంతా నరికి మోడు చేసి వదిలేస్తారు. మోడు నుంచి ఏడాదిలో గుత్తులుగా చిగుళ్లు వస్తాయి. చూడ్డానికి చెట్టు కోలుకున్నట్టే ఉంటుంది. కానీ ఆ కొత్త కొమ్మలు లోపలి కలపలోంచి వచ్చినవి కావు. పైపైన అతికించినట్టు ఉంటాయి. నాలుగేళ్లకి లావెక్కి బరువు పెరిగాక అక్కడే చీలిపోతాయి.

నిజానికి తురాయి కలప మెత్తన, పెళుసు. పెద్ద కొమ్మ నరికిన గాయం తొందరగా మూసుకోదు. ఆ గాయంలోంచి నీళ్లు, ఫంగస్ దిగుతాయి. లోపల బోలు పడుతుంది. కాండం మొదట్లో అర్ధచంద్రాకారంలో, గోధుమ రంగులో గట్టిగా చెక్కలాంటి పుట్టగొడుగులు కనిపిస్తే అది గానోడెర్మా అనే ఫంగస్ కావచ్చు. అది వేర్లని, మొదలుని లోపల్నుంచి కుళ్లబెడుతుంది. బయటికి పుట్టగొడుగు వచ్చేసరికే లోపల జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

ఇవన్నీ కలిపి చూస్తే తప్పు ఎవరిది? పెళుసు కలప, పైపై వేర్లు చెట్టు స్వభావం. దాన్ని కాదనలేం. మిగతాది మాత్రం మనం చేసిందే.

విశాఖ చూసింది

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గరే తీరం దాటింది. ఒక్కరోజులో నగరం పచ్చదనం చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది. కైలాసగిరి, బీచ్ రోడ్డు, యూనివర్సిటీ ఆవరణ.. ఎక్కడ చూసినా వేర్లతో పైకి లేచిన చెట్లే. అంత గాలికి ఏ చెట్టూ పూర్తిగా తట్టుకోలేదు కానీ, అందం కోసం, తొందరగా నీడ ఇస్తాయని వరసగా నాటిన బయటి జాతుల గురించి ఊళ్లో గట్టిగా చర్చ మొదలైంది అప్పుడే. ఒకే రకం చెట్లు వరసగా నాటితే గాలికీ, చీడకీ అన్నీ ఒకేసారి దెబ్బతింటాయన్న మాట ఆ తర్వాత అందరి నోటా వినిపించింది. కొన్నేళ్లకి కోనోకార్పస్ మొక్కల మీద రెండు రాష్ట్రాల్లో రేగిన గొడవ కూడా ఇలాంటిదే. తొందరగా పెరుగుతుందని వేల సంఖ్యలో నాటేయడం, తర్వాత తలపట్టుకోవడం!

మీ వీధిలో చెట్టుందా? ఇవి గమనించండి

చెట్టు పడేముందు చాలాసార్లు సంకేతాలిస్తుంది. చూసేవాళ్లే ఉండరు. మొదలు దగ్గర నేల బీటలు వారిందా, ఒకవైపు మట్టి ఉబ్బిందా అన్నది మొదట చూడాలి. ఏళ్ల తరబడి వంగి ఉన్న చెట్టు కంటే, నిన్నమొన్నటిదాకా నిటారుగా ఉండి ఈ మధ్యే వంగిన చెట్టు ప్రమాదం. మొదట్లో పుట్టగొడుగులు, కాండం మీద రంధ్రాల్లోంచి రాలే రంపపు పొట్టు లాంటి పొడి, తడితే డొల్ల శబ్దం.. ఇవన్నీ లోపల పాడైందని చెప్పేవే. చుట్టూ చెట్లన్నీ ఆకేసినా ఒక చెట్టులో సగం కొమ్మలు ఎండిపోయి ఉంటే ఆ వైపు వేర్లు పోయాయేమో అనుమానించాలి. పక్కన ఈ మధ్య తవ్వకాలు జరిగాయా అన్నది కూడా గుర్తు చేసుకోండి.

ఇలాంటివి కనిపిస్తే మున్సిపాలిటీకి ఫొటోతో సహా ఫిర్యాదు చేయడం మంచిది. ఎండిన కొమ్మలు తీయించడానికి సరైన సమయం ఆకు రాలిన ఫిబ్రవరి, మార్చి నెలలే. గాలివానల సీజన్ మొదలయ్యాక హడావుడి పడితే లాభం ఉండదు. ఒక్క కొమ్మే కొట్టాల్సి వచ్చినా, అవతలివైపు బరువు చూసుకుని కొట్టించాలి. మోడు చేయనివ్వకండి.

గాలి మొదలైతే మాత్రం ఆ చెట్టు కింద నిలబడకూడదు, బండి ఆపకూడదు. వాన పడుతుంటే చెట్టు కిందికి పరిగెత్తడం మన అలవాటు. తురాయి కింద ఆ అలవాటు మానుకోవాల్సిందే. చెట్టు పడి కరెంటు తీగలు తెగితే దగ్గరికి వెళ్లకుండా విద్యుత్ సిబ్బందికి చెప్పాలి. హైదరాబాద్‌లో కూలిన చెట్లని తొలగించే పని డీఆర్ఎఫ్ బృందాలు చూస్తున్నాయి.

అలాగని నరికేస్తారా?

చెట్టు పడిన మర్నాడు కాలనీ వాట్సాప్ గ్రూపులో వచ్చే మొదటి మాట.. మిగతావి కూడా కొట్టించేద్దాం అని. అక్కడ ఆగాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం.. అదే వాల్టా.. రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. అనుమతి లేకుండా చెట్టు కొట్టేయడం నేరం. రోడ్డు పక్క చెట్టు మీద కాలనీ సంఘానికి హక్కేమీ ఉండదు.

పైగా ఆరోగ్యంగా ఉన్న తురాయిని కొట్టేస్తే ఆ నీడ ఎక్కడినుంచి వస్తుంది? మే నెల మధ్యాహ్నం ఆ గొడుగు కింద పుచ్చకాయలమ్ముకునే మనిషిని అడిగితే దాని విలువ చెబుతాడు. కొట్టేయడం కంటే చౌకైన పని ఇంకోటుంది. మొదలు చుట్టూ సిమెంటు పగలగొట్టడం. ఢిల్లీలో చెట్ల చుట్టూ కనీసం ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. ఆ ఆదేశం ఢిల్లీ గురించే అయినా చెట్టు ఊపిరాడక చావడం ఏ ఊళ్లో అయినా ఒకటే. ఫుట్‌పాత్ వేసే కాంట్రాక్టర్‌ని ఆ మీటరు వదలమని అడగడానికి ఏ అనుమతీ అక్కర్లేదు.

ఎర్ర పూలే కావాలంటే..

తురాయి ఒక్కటే ఎర్రగా పూస్తుందా? మన అడవులకి వెళ్తే తెలుస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా రోడ్ల వెంట ఎర్రగా మండేది మోదుగ. అడవి మంట అని ఇంగ్లిష్‌వాళ్లు పేరు పెట్టింది దీనికే. ఆ పేరుని తురాయికి అంటగట్టేవాళ్లు చాలామంది. మోదుగ పూలతోనే ఒకప్పుడు హోలీ రంగులు కాచేవారు. ఆకులతో విస్తళ్లు కుడతారు. నెమ్మదిగా పెరుగుతుంది, మెలికలు తిరిగి ఉంటుంది.. నర్సరీల వాళ్లకి అందుకే దాని మీద మక్కువ లేదు. కానీ ఎండకి, నీళ్లు లేని నేలకి తట్టుకోవడంలో తురాయి దీని ముందు నిలవదు. పార్కుల్లో, స్కూలు ఆవరణల్లో దీన్ని ఎందుకు నాటడం లేదన్నది అడగాల్సిన ప్రశ్నే.

బూరుగ కూడా ఎర్రగానే పూస్తుంది. అయితే అది ఆకాశమంత ఎత్తు పెరిగే చెట్టు, ఒళ్లంతా ముళ్లు. ఇంటి ముందు పెట్టుకునేది కాదు. చేలకి కంచెగా, తమలపాకు తీగలకి ఆసరాగా పెంచిన బాడిద చెట్టు ఒకప్పుడు పల్లెల్లో కనిపించేది. ఆకుల మీద బొడిపెలు పుట్టించే ఓ చిన్న కందిరీగ ఆసియా అంతటా ఈ జాతిని బాగా దెబ్బతీసింది.

నీడతో పాటు ఎరుపు కావాలంటే అశోక చెట్టు ఉంది. అశోక అనగానే గోడ పక్కన నిటారుగా నిలబడే పొడుగు చెట్టు గుర్తొస్తే అది పొరపాటు. అది నరమామిడి. అసలు అశోకం.. సీత కూర్చున్న వనంలోది.. గుబురుగా పెరుగుతుంది, పూలు నారింజ రంగులో విచ్చి ఎరుపుకి తిరుగుతాయి. కాస్త నీళ్లు, కాస్త నీడ ఉండాలి దానికి. సహజంగా పెరిగే అశోక చెట్లు తగ్గిపోతున్నాయని ఐయూసీఎన్ కూడా హెచ్చరిస్తోంది. కరెంటు తీగల కింద అయితే రత్నగంధి లాంటి పొదలు చాలు. చూస్తే బుల్లి తురాయిలానే ఉంటుంది, మనిషి చేతికందే ఎత్తులోనే పూస్తుంది, పడినా ఎవరికీ దెబ్బ తగలదు.

ఒక్క చెట్టు విషయంలో మాత్రం జాగ్రత్త. ఆఫ్రికన్ తులిప్. నగరాల్లో తురాయికి పోటీగా నాటేస్తున్నారు. గిన్నెలాంటి పెద్ద ఎర్ర పూలు, మొగ్గ నొక్కితే పిచికారీలా నీళ్లు చిమ్ముతుంది. ప్రపంచంలో అత్యంత ప్రమాదకరమైన 100 ఆక్రమణ జాతుల జాబితాలో ఇదొకటి. పసిఫిక్ దీవుల్లో పొలాల్ని, అడవుల్ని కమ్మేసింది. దీని పూలలో చిన్న తేనెటీగలు చచ్చిపడి ఉండటాన్ని పరిశోధకులు గమనించారు. కలప తురాయి కంటే మెత్తన. నర్సరీలో అందంగా కనిపించిందని కొనేముందు ఆలోచించండి.

తురాయే నాటాలనుకుంటే

దాని చోట దాన్ని నాటితే తురాయిని మించిన పూలచెట్టు లేదు. చెరువు పక్క పార్కు, కాలేజీ గ్రౌండు, పల్లెలో రచ్చబండకి కాస్త ఎడంగా.. ఇలా నాలుగు వైపులా ఖాళీ ఉండాలి. ఇంటి గోడకి, సెప్టిక్ ట్యాంకుకి, నీళ్ల పైపుకి కనీసం 30 అడుగుల దూరం ఉంటే మంచిది. పైకి తేలే వేర్లు గచ్చుని పగలగొడతాయి. కింద గడ్డి, పూలమొక్కలు కూడా సరిగ్గా పెరగవు కాబట్టి లాన్ మధ్యలో పెడితే తర్వాత బాధపడాలి. కరెంటు తీగ కింద అసలొద్దు.

విత్తనంతో పెంచడం తేలికే. కాకపోతే పెంకు రాయిలా ఉంటుంది. ఎండిన కాయ కొట్టి గింజలు తీసి, మరిగించి దించిన నీళ్లలో వేసి ఒక రాత్రి వదిలేయాలి. ఉబ్బిన గింజలే మొలుస్తాయి. ఉబ్బనివాటికి ఒక పక్క గరుకు రాయి మీద అరగదీసి మళ్లీ నానబెడితే సరి. మొదటి రెండు మూడేళ్లు ఒక్కటే కాండం నిటారుగా వచ్చేలా చూసుకుని, కింద నుంచి చీలే కొమ్మల్ని లేతగా ఉన్నప్పుడే తీసేయాలి. సన్న కొమ్మ గాయం మానుతుంది, లావెక్కాక కోస్తే మానదు.

విత్తనం నుంచి వచ్చిన చెట్టు మొదటి పువ్వు చూడటానికి కనీసం ఐదేళ్లు పడుతుంది. కొన్ని పదేళ్లు కూడా తీసుకుంటాయి. నీళ్లు ఎక్కువ పోస్తే ఆకు దట్టంగా వస్తుంది, పువ్వు ఆలస్యమవుతుంది. పెద్దయ్యాక ఎండాకాలం దాన్ని కాస్త ఎండనివ్వడమే మేలు.